వేలూరు పంతులమ్మ: డాక్టరు ఐడా స్కడ్డర్



హిందూపురము, పెనుకొండ, ధర్మవరము ప్రాంతములలో పెద్ద జబ్బు వచ్చినప్పుడు వేలూరు పేరు తలపని ఇల్లు అరుదు. కదిరి, పాకాల మీదుగా రైలులో పోయి కాట్పాడిలో దిగినవారు మనలో ఎందరో కలరు. ఆ ఆసుపత్రిని స్థాపించిన డాక్టరు ఐడా స్కడ్డర్ అమ్మగారి పేరు మనము ఎరుగుదుము. ఆమె పంతులమ్మ అయిన సంగతిని మాత్రము తక్కువగా తలంచుచున్నాము.

ఆమె 1870లో రాణిపేటలో మిషనరీ వైద్యుని కుమార్తెగా పుట్టిరి. యౌవనమున ఒక రాత్రి ముగ్గురు పురుషులు, ఒకరి వెనుక ఒకరు, ప్రసవవేదన పడుచున్న తమ భార్యల కొరకు ఆమెను పిలువ వచ్చిరి. ఆమె అప్పటికి వైద్యురాలు కాదు. ఆమె తండ్రి పురుషుడు గనుక ఆయనను రానిచ్చుటకు వారు ఒప్పుకొనలేదు. తెల్లవారునప్పటికి ముగ్గురు స్త్రీలును చనిపోయిరి. ఆమె అమెరికా వెళ్లి, 1899లో వైద్యపట్టా పొంది, 1900లో తిరిగి వచ్చిరి.

అయితే ఒక్క వైద్యురాలు ఎన్ని గడపలు త్రొక్కగలదు? 1918లో ఆడపిల్లలకు వైద్యపాఠశాల తెరచిరి. ముగ్గురు వచ్చుటయే గొప్పయని ప్రభుత్వ వైద్యాధికారి సందేహించెను. దరఖాస్తులు 151 వచ్చెను! కొద్ది పుస్తకములు, ఒక సూక్ష్మదర్శిని, ఒక అస్థిపంజరము, ఇవే అప్పటి పరికరములు.

ధర్మవరపు మగ్గము ఎరిగినవారికి మేము చెప్పనక్కరలేదు. చేయి తిరిగిన నేతగాడు కుర్రవానిని ప్రక్కన కూర్చుండబెట్టుకొన్న దినమున పని సగమే సాగును. తన వ్రేళ్లకు తెలిసినదానిని నోట చెప్పవలెను. పోగు తెగినను కసరక ముడి వేయించవలెను. తాను చిటికెలో చేయగలదానిని చేయక ఊరకుండి చూడవలెను. ఇదియే కష్టము. వైద్యము నేర్పుటయు అట్టిదే, గాని అక్కడ తెగునది పట్టుపోగు కాదు, ప్రాణము. ఎంతవరకు ఊరకుండవలెనో, ఎప్పుడు చేయి అడ్డము పెట్టవలెనో నేర్పువారు క్షణములో తేల్చుకొనవలెను.

అమ్మగారు గుడియాత్తము త్రోవలో చెట్లక్రింద రోగులను చూడబోవునప్పుడు విద్యార్థినులను వెంట తీసికొని పోయెడివారు. పుండు కడుగుట మాత్రమే గాక, బెదరిన పల్లె తల్లితో ఎట్లు మాటలాడవలెనో నేర్చుకొనుటకు ఆ చెట్టు నీడకు మించిన తరగతి లేదని మా తలంపు. మన ప్రభువును శిష్యులను మొదట వెంట త్రిప్పుకొని, పిమ్మట ఇద్దరిద్దరిగా పంపెను గదా. 1922లో మొదటి తరగతివారు 14 మంది పట్టా పుచ్చుకొనిరి.

1938లో మద్రాసు ప్రభుత్వము వైద్యవిద్యకు విశ్వవిద్యాలయపు డిగ్రీ ఉండవలెనని నిర్ణయించెను. ఉన్నత పట్టాలు గల ఆచార్యులు, కట్టడములు, ధనము కావలసివచ్చెను. డెబ్బది ఏండ్ల అమ్మగారు 1941లో అమెరికాకు పోయి చందాలు అడిగిరి. కళాశాల నిలిచెను. 1947లో యువకులను కూడ చేర్చుకొనిరి.

అమ్మగారు 1960 మే 24న కొడైకెనాలులో ప్రభువునందు నిద్రించిరి. ఆమె తరువాత ఆ కళాశాలను నడిపినవారిలో విశాఖపట్నమున పుట్టిన మన డాక్టరు హిల్డా లాజరస్ గారొకరు.