మార్కస్ జూనియస్ బ్రూటస్

మార్కస్ జూనియస్ బ్రూటస్ (క్రీ.పూ. 85 – క్రీ.పూ. 42) ప్రాచీన రోమ్ గణతంత్రపు చివరి దశకు చెందిన రాజకీయ నాయకుడు, సేనాని. జూలియస్ సీజర్‌ను హత్య చేసినవారిలో ముఖ్యుడు. ఇతని రాజకీయ భావాలకు, వాటిలోని వైరుధ్యానికి ఇతడు ముద్రింపించిన దెనారియస్ అనే వెండి నాణేలు సాక్ష్యంగా నిలిచాయి.

తొలి జీవితం

బ్రూటస్ తల్లి సెర్విలియా. తండ్రిని క్రీ.పూ. 77లో పాంపే చంపించాడు. మేనమామ కేటో ప్రభావం ఇతనిపై అధికంగా ఉండేది. క్రీ.పూ. 509లో రాజులను వెళ్ళగొట్టి గణతంత్రాన్ని స్థాపించినట్లు చెప్పబడే లూసియస్ బ్రూటస్ తమ వంశకర్త అని ఈ కుటుంబం చెప్పుకొనేది.

టంకశాల అధికారిగా

సుమారు క్రీ.పూ. 54లో బ్రూటస్ రోమ్ టంకశాల అధికారులలో ఒకడుగా పనిచేశాడు. ఆ అధికారులు తమ పూర్వీకుల బొమ్మలను నాణేలపై వేయించుకోవడం అప్పటి ఆచారం. ఇతని ఒక దెనారియస్‌పై బొమ్మ వైపు స్వేచ్ఛాదేవత లిబెర్టాస్ శిరస్సు, బొరుసు వైపు భటుల నడుమ నడుస్తున్న లూసియస్ బ్రూటస్ ఉన్నారు. మరొకదానిపై ఒకవైపు లూసియస్ బ్రూటస్, రెండవవైపు తల్లి తరఫు పూర్వీకుడైన అహాలా కనిపిస్తారు. రాజు కావాలని చూశాడన్న ఆరోపణపై ఒక ధనికుని చంపినవాడు అహాలా. ఆ రోజులలో పాంపే ఏకాధిపతి కాగలడన్న భయం ఉండేది కనుక ఈ బొమ్మలు అతనికి హెచ్చరిక అని చరిత్రకారుల అభిప్రాయం.

సీజర్ హత్య

క్రీ.పూ. 49లో అంతర్యుద్ధం మొదలైనపుడు బ్రూటస్ తన తండ్రిని చంపించిన పాంపే పక్షాన్నే చేరాడు. ఓటమి తరువాత సీజర్ ఇతనిని క్షమించి పదవులిచ్చాడు. క్రీ.పూ. 44 ఆరంభంలో రోమ్ టంకశాల సీజర్ ముఖచిత్రంతో దెనారియస్‌లు ముద్రించింది. జీవించి ఉన్న వ్యక్తి ముఖాన్ని రోమ్‌లో నాణెంపై వేయడం అదే మొదటిసారి. ఇది రాచరిక లక్షణంగా భావించబడింది. ఆ ఏడాది మార్చి 15న బ్రూటస్, కాషియస్ తదితరులు సీజర్‌ను పొడిచి చంపారు.

బాకుల నాణెం

రోమ్ విడిచి తూర్పు ప్రాంతాలకు వెళ్ళిన బ్రూటస్ సైన్యాన్ని సమకూర్చుకొని, దాని ఖర్చులకై క్రీ.పూ. 42 ప్రాంతంలో నాణేలు ముద్రింపించాడు. వాటిలో ప్రసిద్ధమైన దెనారియస్‌కు బొరుసు వైపు రెండు బాకులు, వాటి మధ్య విముక్తులైన బానిసలు ధరించే టోపీ, కింద మార్చి 15ను సూచించే అక్షరాలు ఉన్నాయి. సీజర్ హత్య రోమ్‌కు విముక్తి అని దీని భావం. అయితే బొమ్మ వైపు ఉన్నది లిబెర్టాస్ కాదు, బ్రూటస్ ముఖమే. సీజర్‌కు తప్పుగా ఎంచబడిన పనిని ఇతడూ చేశాడు.

మరణం

క్రీ.పూ. 42 అక్టోబరులో ఫిలిప్పీ వద్ద ఆంటోనీ, ఆక్టేవియన్‌ల సేనల చేతిలో ఓడి బ్రూటస్ ఆత్మహత్య చేసుకున్నాడు. రెండు శతాబ్దాలకు పైగా గడిచిన తరువాత చరిత్రకారుడు కాషియస్ డియో తన గ్రంథంలో బాకుల నాణెమును వర్ణించాడు. నేడు దీని వెండి ప్రతులు సుమారు నూరు మాత్రమే తెలిసి ఉన్నాయి. బంగారు ప్రతులు మరీ అరుదు. 2020లో లండన్ వేలంలో అమ్ముడైన ఒక బంగారు ప్రతి అక్రమంగా తరలించినదని తేలడంతో 2023లో దానిని గ్రీసుకు తిరిగి అప్పగించారు.