జ్ఞానమునకు పొలిమేర గీచిన కాంటు

ఎఱుగుట యననేమి? ఎఱుగువా డెవడు? ఈ రెండు ప్రశ్నలును మన దేశమున ఉపనిషత్కాలము నుండియు నున్నవి. ఐరోపాఖండమున వీనిని క్రొత్త మార్గమున విచారించి, మనుష్యబుద్ధికి సాధ్యమైన దెంత, అసాధ్యమైన దెంత యని కొలిచి చూపినవాడు ఇమ్మాన్యుయెల్ కాంటు. ఆయన జీవితమున యుద్ధములు లేవు, సముద్రయానములు లేవు. అయినను భావప్రపంచమున ఆయన తెచ్చిన విప్లవము సమకాలికమైన ఫ్రెంచి విప్లవమునకు తీసిపోదని మా యభిప్రాయము.

కాంటు 1724 ఏప్రిల్ 22వ తేదీన తూర్పు ప్రష్యాలోని క్యోనిగ్స్‌బెర్గు పట్టణమున జన్మించెను. తండ్రి గుఱ్ఱపు జీనులకు కావలసిన తోలుపట్టెలు చేసి జీవించు పనివాడు. భక్తురాలైన తల్లి కుమారుని 13 ఏండ్ల ప్రాయముననే గతించెను. 1740లో విశ్వవిద్యాలయమున చేరిన కాంటు, 1746లో తండ్రియు మరణింపగా, సంపన్నుల యిండ్లలో పిల్లలకు పాఠములు చెప్పి పొట్టపోసికొనెను. 1755లో ఉపన్యాసకు డయ్యెను గాని జీతము లేదు. విద్యార్థు లిచ్చు రుసుమే యాధారము. ఆచార్యపదవి 1770లో, 46వ యేట లభించెను. తూర్పు ప్రష్యా యెల్ల నెన్నడును దాటని యీ బ్రహ్మచారి, దేశదేశముల భూగోళమును ఏండ్ల తరబడి బోధించెను.

ఆచార్యుడైన పిదప 11 ఏండ్లు ఆయన కలము దాదాపు మౌనము వహించెను. స్కాట్లండు తాత్త్వికుడు డేవిడ్ హ్యూము లేవదీసిన సంశయ మాయన మనస్సున మెదలుచుండెను. పొయ్యిలో నిప్పును చూచితిమి, పైనున్న నీరు కాగుటను చూచితిమి. నిప్పువలన నీరు కాగితీరవలె నన్న నిర్బంధమును ఎవరు చూచిరి? ఒకదాని వెనుక నొకటి వచ్చుటయే కంటికి కనబడును, తక్కినది అలవాటు. ఈ మాట నిజమైనచో ప్రకృతిశాస్త్రమునకు పునాది యేది? న్యూటను శాస్త్రమును నమ్మిన కాంటు ఈ సంశయమును త్రోసివేయలేకపోయెను, దానితో తృప్తిపడనులేకపోయెను.

1781లో వెలువడిన శుద్ధబుద్ధి విమర్శయే ఆయన సమాధానము. ఇంద్రియములు సామగ్రిని తెచ్చును. దానిని దేశకాలము లనెడి యచ్చులలో పోసి, కార్యకారణాది భావములతో కూర్చునది మనస్సు. కావున కార్యకారణ నియమము లేక అనుభవమే పొసగదు. గుడిగంట నాలుగుమార్లు మ్రోగె ననుకొందము. ఒక్కొక్క మ్రోత వినబడి నశించును. వానిని కలిపి నాలుగని లెక్కించు ఒకే చైతన్యము లేనిచో మ్రోత లుండును గాని లెక్క యుండదు. అనుభవముల నన్నిటిని నావియని కూర్చు నీ యైక్యమునే కాంటు జ్ఞానమునకు శిఖరముగా నిలిపెను. అయితే ఆ నేనును పట్టి, నిత్యమైన ద్రవ్యమని తర్కముచే నిరూపింపజూచుట భ్రాంతి యనెను.

మన వేదాంతుల సాక్షిచైతన్యము ఇచ్చట పాఠకులకు స్ఫురింపవచ్చును. పోలిక కలదు, భేదము మఱింత కలదు. అద్వైతి ఆత్మ స్వయంప్రకాశమనును, దాని యెఱుకయే మోక్షమనును. కాంటు మతమున, తాను తనకు కనబడు విధమే తెలియును. వస్తుతః తానెట్టివాడో తెలియదు. ఈశ్వరుని, ఆత్మనిత్యత్వమును శాస్త్రతర్కము సాధింపలేదు, ఖండింపనులేదు. వానియందలి విశ్వాసమునకు కర్తవ్యబోధయే యాధారమని 1788 నాటి రెండవ విమర్శలో వాదించెను.

ఈ పొలిమేరను నిరాశకు గుఱుతుగా నెంచరాదు. మనుష్యమాత్రున కెవ్వనికిని తెలియరాని విషయమును తనకే తెలియునని చెప్పి పరుల నోరు మూయించు నధికారము రాజునకు లేదు, పురోహితునకు లేదు. కాని రాజు లూరకుందురా? 1793లో మతమును గూర్చి కాంటు ప్రకటించిన గ్రంథము క్రైస్తవమును వికృతపఱచినదని, మఱుసటి యేట రెండవ ఫ్రెడరిక్ విలియము పేర తాఖీదు వచ్చెను. 70 ఏండ్ల వృద్ధుడు మతవిషయమున ఇక వ్రాయనని మాట యిచ్చెను. ఆ మౌనమును మేము మెచ్చజాలము. 1797లో రాజు మరణించెను. తన మాట ఆ రాజుతోనే తీరెనని యెంచి, 1798లో కాంటు ఆ తాఖీదునే అచ్చువేయించెను.

మఱియొక లోపమును దాచరాదు. మనుష్యజాతులలో తెల్లవారు శ్రేష్ఠులని, నల్లవారు హీనులని ఆయన పూర్వము వ్రాసెను, బోధించెను. బుద్ధికి ఎల్లలు చూపినవానికి తన బుద్ధి యెల్ల కనబడలేదు. అయినను 1795 నాటి శాశ్వతశాంతి గ్రంథమున, ఐరోపా వర్తకజాతులకు పరదేశమును దర్శించుటయు జయించుటయు నొక్కటే యైనదని, వర్తకస్థానముల నెపమున హిందూస్థానమునకు సైన్యములను తెచ్చి ప్రజల నణచిరని గర్హించెను. మన ఉత్తర సర్కారులు కుంఫిణీవారి పాలన క్రింద నున్న దినము లవి.

1804 ఫిబ్రవరి 12వ తేదీన, తాను పుట్టిన పట్టణముననే కాంటు కన్నుమూసెను. రెండవ ప్రపంచయుద్ధమున ఆ పట్టణము ధ్వంసమై, సోవియట్ రష్యా వశమై, 1946 నుండి కాలినిన్‌గ్రాడు అను పేర వ్యవహరింపబడుచున్నది. రాజ్యము మారెను, ప్రజలు మారిరి; ఆయన సమాధి మాత్రము పాత చర్చి గోడ చెంత నిలిచియున్నది. తెలిసినదానిని తెలిసినదనియు, తెలియనిదానిని తెలియదనియు చెప్పగల ధైర్యము ప్రజలకున్నచోట నిరంకుశాధికారము చిరకాలము నిలువజాలదు. కాంటు చరిత్రనుండి మనము గ్రహింపవలసినది ఇదియే.