సీటు వచ్చింది, చేతిలో పైసా లేదు
(డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారి జీవితం)

మన పిల్లవాడికో, పిల్లకో వైద్య కళాశాలలో సీటు వచ్చిందంటే ఆ ఇంట్లో ఆ రోజు పండుగే. బంధువులు వస్తారు, మిఠాయిలు పంచుతారు, మసీదులో కలిసినవారంతా ముబారక్ చెబుతారు. మర్నాటి నుంచి లెక్కలు మొదలవుతాయి. ఫీజు ఎంత, హాస్టలుకు ఎంత, పుస్తకాలకు ఎంత, తెల్లకోటుకు, ఎముకల సెట్టుకు ఎంత? ఇంటి పెద్ద రాత్రిళ్ళు నిద్రపోడు. 2007లో బి.సి.-ఇ కింద నాలుగు శాతం రిజర్వేషన్ వచ్చిన తర్వాత మన పిల్లలకు సీట్లు రావడం పెరిగింది. అందుచేత ఈ లెక్కలు వేసుకునే ఇళ్ళు కూడా పెరిగాయి. సీటు వచ్చిన దినానికీ, తరగతిలో కూర్చునే దినానికీ మధ్య ఒక వాగు ఉంటుంది. ఈ వాగు దాటలేక ఆగిపోయిన తెలివైన పిల్లలు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు.

ఈ సంచికకు ఒక మహనీయుని జీవితం రాయాలని అనుకున్నప్పుడు మేము డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారిని ఎన్నుకున్నది అందుకే. ఆయన మన మతం వాడు కాదు. అయితేనేం, మన తెలుగు నేల బిడ్డ. ఆయన కనిపెట్టిన మందులు మింగేటప్పుడు రోగి మతం ఎవరూ అడగరు. అంతకుమించి, ఆ వాగు ఎంత లోతో, దాన్ని దాటించడానికి ఎవరెవరు చేయి అందించాలో ఈయన కథ చెప్పినంత స్పష్టంగా మరొక కథ చెప్పదని మా నమ్మకం.

బాల్యం

సుబ్బారావు గారు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. ఏడుగురు సంతానంలో నాలుగోవారు. తండ్రి జగన్నాథం గారు రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగి. అనారోగ్యం వల్ల ముందుగానే ఉద్యోగం మానుకోవలసి వచ్చింది. సంసారం బరువంతా తల్లి వెంకమ్మ గారి మీద పడింది.

పిల్లవాడు మాత్రం చదువులో చురుకు చూపలేదు. పదమూడేళ్ళ వయసులో డబ్బు సంపాదిద్దామని కాశీకి బయలుదేరాడు. అక్కడ యాత్రికులకు అరటిపళ్ళు అమ్మి ధనవంతుడు కావాలని అతని ఆలోచన! తల్లి వదలలేదు. వెనక్కి రప్పించి మళ్ళీ బడిలో కూర్చోబెట్టింది. మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పాడు. మూడోసారి మద్రాసులోని హిందూ హైస్కూలు నుంచి రాసి గట్టెక్కాడు. పరీక్ష తప్పిన పిల్లలను పనికిరానివాళ్ళని తీసిపారేసే తల్లిదండ్రులు ఈ సంగతి ఒకటికి రెండుసార్లు చదవాలి.

ప్రెసిడెన్సీ కాలేజీలో చేరిన తర్వాత ఆయన మనసు సన్యాసం మీదికి పోయింది. రామకృష్ణ మఠంలో చేరిపోదామనుకున్నారు. తల్లి ససేమిరా ఒప్పుకోలేదు. వైద్యం చదివితే రోగులకు సేవ చేయవచ్చన్న ఆలోచనతో మద్రాసు మెడికల్ కాలేజీలో చేరారు. ఈ మొదటి వాగు దాటించింది స్నేహితులూ, కాబోయే మామగారు కస్తూరి సూర్యనారాయణమూర్తి గారూ. వారి సహాయంతోనే చదువు నడిచింది. ఆ మూర్తి గారి కుమార్తె శేషగిరి గారితో 1919లో వివాహం జరిగింది.

ఖద్దరు చేసిన నష్టం

అది గాంధీ గారి పిలుపుతో దేశం ఊగిపోతున్న కాలం. సుబ్బారావు గారు ఆపరేషన్ గదిలో తొడిగే గౌను సైతం ఖద్దరుతో కుట్టించుకున్నారు. శస్త్రచికిత్స ప్రొఫెసరు బ్రాడ్‌ఫీల్డ్ దొరకు అది కంటగింపయింది. పరీక్షలు బాగానే రాసినా చివరికి చేతికొచ్చింది ఎం.బి.బి.ఎస్. కాదు, దానికి తక్కువదైన ఎల్.ఎం.ఎస్. మాత్రమే. మద్రాసు మెడికల్ సర్వీసులో ఉద్యోగానికి ప్రయత్నిస్తే అదీ దొరకలేదు. చివరికి డాక్టర్ ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద కళాశాలలో శరీరశాస్త్రం బోధించే పనిలో చేరారు.

ఆ కాలంలోనే ఇంటిమీద పిడుగు పడింది. స్ప్రూ అనే వ్యాధి ఉంది. తిన్నది వంటబట్టదు, విరేచనాలు ఆగవు, రక్తం క్షీణించి మనిషి ఎండిపోతాడు. ఆ జబ్బు కొద్ది రోజుల తేడాలో ఇద్దరు అన్నదమ్ములను పొట్టన పెట్టుకుంది. ఇంట్లో డాక్టరు ఉండీ ఏమీ చేయలేకపోయాడు. ఎందుకంటే ఆనాటికి ఆ జబ్బుకు సరైన మందు ఏ డాక్టరు దగ్గరా లేదు. ఇలాంటి ఉష్ణదేశపు జబ్బుల మర్మం తెలుసుకోవాలన్న పట్టుదల ఆయనలో అప్పుడే గట్టిపడింది.

సీటు ఉంది, ప్రయాణం లేదు

రాక్‌ఫెల్లర్ సంస్థ తరఫున మన దేశానికి వచ్చిన ఒక అమెరికా డాక్టరుతో పరిచయం కలిగింది. ఆయన మాటల వల్ల అమెరికాలో చదవాలనే కోరిక పుట్టింది. హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఉష్ణమండల వ్యాధుల వైద్యం బోధించే విభాగానికి దరఖాస్తు పెట్టుకున్నారు. సీటు వచ్చింది.

వచ్చింది గానీ ఏం లాభం? ఓడ టిక్కెట్టుకు డబ్బు లేదు, ఫీజుకు లేదు, అక్కడ తిండికి లేదు. ఆయుర్వేద కళాశాల జీతం ఇంటికే చాలదు. ప్రపంచంలోనే పేరుపడ్డ విశ్వవిద్యాలయం రమ్మని పిలిచింది. పిలిచినచోటికి పోవడానికి మాత్రం దారి లేదు. అందరూ శభాష్ అంటారు, ఎవరూ సంచీ విప్పరు. ఈ అవస్థ పడినవాడికే తెలుస్తుంది. మన సంఘానికి వచ్చే దరఖాస్తులు చదివేటప్పుడు మాకు పదే పదే గుర్తుకొచ్చేది సుబ్బారావు గారి జీవితంలోని ఈ ఘట్టమే.

ఈ రెండో వాగు దాటించినవారు ఇద్దరు. ఒకరు ఆ మామగారే. అల్లుడి కోసం తిరిగి డబ్బు కూడగట్టారు. కూతురిని వదిలి అల్లుడు సముద్రం దాటిపోతాడని తెలిసి కూడా ఆ పని చేశారంటే ఆయన గుండె ఎంతటిదో మనం ఊహించుకోవచ్చు. రెండవది కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ. చదువుకు సాయం చేస్తామని మాట ఇచ్చింది.

ఈ సత్యలింగం నాయకర్ గారి గురించి నాలుగు మాటలు చెప్పక తప్పదు. సముద్రాన్ని నమ్ముకుని బతికే పేద కుటుంబంలో పుట్టి, రంగూన్ పోయి కష్టపడి ఆస్తి సంపాదించారు. ఆ ఆస్తిని ధర్మకార్యాలకు రాసి వెళ్ళారు. ఆయన పోయిన తర్వాత, ఆయన ఎన్నడూ చూడని కుర్రవాడికి, ఆయన ఎన్నడూ వినని చదువుకు ఆ సొమ్ము ఆసరా అయింది. మన వాడుకలో దీన్నే వక్ఫ్ అంటాము. మనిషి పోయినా ఆగకుండా పుణ్యం పారుతూ ఉండే సదఖా జారియా అంటే ఇదే కదా!

బోస్టన్ చలి

1923 అక్టోబరులో సుబ్బారావు గారు బోస్టన్‌లో దిగారు. అనపర్తిలో పుట్టింట భార్య ఉంది. మూడేళ్ళలో తిరిగి వచ్చేస్తానని ఆమెకు చెప్పి బయలుదేరారంటారు. తీరా దిగేసరికి చేతిలో మిగిలింది బహు స్వల్పం, ముందున్నది గడ్డకట్టే చలికాలం.

ప్రయాణానికి డబ్బు సమకూడింది గానీ బతకడానికి సమకూడలేదు. డాక్టరుగా పని చేద్దామంటే అమెరికా లైసెన్సు లేదు. అందుచేత పగలు చదువు, రాత్రి ఒక ఆసుపత్రిలో పోర్టరు పని. మద్రాసులో డాక్టరు పట్టా పుచ్చుకున్న మనిషి అక్కడ తలుపులు తీశాడు, పక్కలు సర్దాడు, రోగుల మూత్రపు పాత్రలు కడిగాడు. చిన్నతనం అనుకోలేదు. ఆ పనిలోనే ఉండి డిప్లొమా పూర్తి చేశారు. తర్వాత హార్వర్డ్‌లోనే జీవరసాయన శాస్త్రంలో చేరారు.

ఇల్లు మాత్రం దూరమే అయిపోయింది. ఆయన వెళ్ళాక పుట్టిన బిడ్డ పసితనంలోనే చనిపోయాడు. తండ్రి ఆ బిడ్డ ముఖం చూడలేదు. మూడేళ్ళు ఆరయ్యాయి, ఆరు పన్నెండయ్యాయి. ఆయన మళ్ళీ స్వదేశం రానేలేదు. శేషగిరి గారు ఎదురుచూస్తూనే ఉండిపోయారు. ఒక మనిషి చదువుకు ఇంట్లోవాళ్ళు చెల్లించే మూల్యం ఏ రసీదులోనూ కనబడదు. సుబ్బారావు గారిని తలచుకున్నప్పుడు ఆ ఇల్లాలిని కూడా తలచుకోవడం న్యాయం.

ప్రపంచానికి ఇచ్చింది

ప్రొఫెసర్ ఫిస్కేతో కలిసి ఆయన రక్తంలోను, మూత్రంలోను ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతి కనిపెట్టారు. 1925లో ప్రకటించిన ఆ పద్ధతి ఇద్దరి పేరు మీదనే పాఠ్యపుస్తకాలకు ఎక్కింది. తర్వాత కండరాలలో ఫాస్ఫోక్రియాటిన్ ఉన్నదని 1927లోను, శరీరంలోని ప్రతి కణానికి శక్తినిచ్చే ఎ.టి.పి. అనే పదార్థాన్ని 1929లోను వెల్లడించారు. జర్మనీలో లోమన్ అనే శాస్త్రవేత్త కూడా అదే కాలంలో ఎ.టి.పి.ని విడిగా కనుగొన్నాడు. 1930లో సుబ్బారావు గారికి హార్వర్డ్ పిహెచ్.డి. వచ్చింది.

1940లో ఆయన లెడర్లీ మందుల కంపెనీలో చేరి అక్కడి పరిశోధనకు నాయకత్వం వహించారు. అక్కడినుంచి ఎనిమిదేళ్ళలో ఆయన బృందం చేసిన పని చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. 1945 నాటికి ఫోలిక్ ఆసిడ్‌ను ప్రయోగశాలలో తయారు చేశారు. స్ప్రూ వ్యాధిలో వచ్చే రక్తహీనతకు అది మందయింది. అన్నదమ్ములను తీసుకుపోయిన జబ్బుకు పాతికేళ్ళ తర్వాత ఆయన చేతి మీదుగానే మందు వచ్చిందన్నమాట. నేడు గర్భిణీ స్త్రీలకు ప్రభుత్వ ఆసుపత్రులలో ఇచ్చే ఐరన్ మాత్రలలో కలిసి ఉండేది ఆ ఫోలిక్ ఆసిడే.

1947లో బోదకాలు వ్యాధికి హెట్రజాన్ వచ్చింది. గోదావరి జిల్లాలలో ఆ జబ్బు ఎంతమందిని మంచాన పడేసిందో అక్కడివారికి తెలుసు. డి.ఇ.సి. అనే పేరుతో ఇంటింటికీ తిరిగి మింగించే మాత్ర అదే. రక్త క్యాన్సరుతో పోరాడే పసిపిల్లల కోసం బోస్టన్‌లో డాక్టర్ ఫార్బర్ వాడి చూసిన అమినోప్టెరిన్, ఆ తర్వాత నేటికీ వాడుకలో ఉన్న మెథోట్రెక్సేట్ కూడా ఆ ప్రయోగశాలవే. 1948లో వచ్చిన ఆరియోమైసిన్‌ను కనిపెట్టింది డగ్గర్ అనే వృద్ధ శాస్త్రవేత్త. ఆయన పని చేసింది సుబ్బారావు గారి నాయకత్వంలోనే. టెట్రాసైక్లిన్ జాతి మందులన్నిటికీ అది పెద్దన్న.

ఇంత చేసినా ఆయన తన పేరు ముందుకు తోసుకోలేదు. 1948 ఆగస్టులో ఒక రాత్రి నిద్రలోనే కన్నుమూశారు. అప్పటికి వయసు 53 ఏళ్ళు. శతజయంతి సందర్భంగా 1995లో భారత ప్రభుత్వం ఆయన పేర తపాలా బిళ్ళ విడుదల చేసింది.

మనం చేయవలసింది

ఈ జీవితం నుంచి మేము నేర్చుకున్నది మూడు సంగతులు. సభ్యుల ముందు ఉంచుతున్నాము.

మొదటిది, సాయం ఫీజు రసీదు దగ్గర ఆగిపోకూడదు. సుబ్బారావు గారికి ఓడ ప్రయాణం దొరికింది, తిండి దొరకలేదు. మన పిల్లలకూ అంతే. ఫీజు ఎలాగో కట్టేస్తారు. ఆరో నెలలో మెస్ బిల్లు కట్టలేక తలవంచుకుంటారు. సాయం చేసేవారు మొదటి సంవత్సరం మొత్తం లెక్క వేసి చేయాలి.

రెండవది, డబ్బు లేనివారు కూడా చేయగల పనులున్నాయి. పాత పుస్తకాలు ఇవ్వవచ్చు. పట్నంలో ఉన్నవారు కొత్తగా వచ్చిన పిల్లకు నాలుగు రోజులు ఇంట్లో చోటివ్వవచ్చు. సర్టిఫికెట్ల కోసం ఆఫీసుల చుట్టూ తిరిగే తండ్రికి తోడు పోవచ్చు. ముందే పైతరగతిలో చదువుతున్నవారు ఒక సాయంత్రం కూర్చుని ఏమి కొనాలో, ఏమి కొననక్కరలేదో చెప్పినా ఎంతో మేలు.

మూడవది విద్యార్థులకు. బాబూ, అమ్మా! పరీక్ష తప్పినా, డిగ్రీ తగ్గినా, రాత్రిపూట పోర్టరు పని చేయవలసి వచ్చినా ఆయన చదువు వదలలేదు. మీరూ వదలకండి. మీరు ఒడ్డుకు చేరిన తర్వాత వెనక్కి తిరిగి చూడండి. మీ వెనుక ఇంకొకరు ఆ వాగు ఒడ్డున నిలబడి ఉంటారు.

రంగూన్ సంపాదన ఒక తెలుగు కుర్రవాణ్ణి బోస్టన్ చేర్చింది. అక్కడ పుట్టిన మందు తిరిగి గోదావరి ఒడ్డుకు వచ్చి మన బోదకాళ్ళకు ఊరటనిచ్చింది. ఏ చేతి దానం ఏ ఇంటికి వైద్యమై చేరుతుందో ఇచ్చేవాడికి తెలియదు, ఇప్పించేవాడికే తెలుసు. మన జకాత్, మన సదఖా ఇటువంటి పిల్లల దారిలో వంతెనగా నిలిచేటట్లు అల్లాహ్ మనకు తౌఫీఖ్ ప్రసాదించుగాక. ఆమీన్.