దస్త్రం మార్చిన దివాన్

గ్రూప్స్‌కు చదివేవాళ్లకు మొదటి సాలార్‌జంగ్ అంటే ఒక బిట్. జిలాబందీ ఎప్పుడు? 1865. అంతే, పేజీ తిప్పేస్తాం. నిర్మల్ గ్రంథాలయంలో గైడ్లు ముందేసుకుని కూర్చున్నా, బీటెక్ అయ్యి సాఫ్ట్‌వేర్ ఇంటర్వ్యూలకు తయారవుతున్నా ఆ బిట్ వెనకున్న కథ ఒకసారి తెలుసుకోండి. ఒక పెద్ద సమాచార వ్యవస్థ ఎందుకు నిలబడుతుందో, ఎక్కడ దెబ్బ తింటుందో ఆ ఒక్క జీవితంలోనే కనిపిస్తుంది.

ఆయన అసలు పేరు మీర్ తురాబ్ అలీ ఖాన్. 1829లో బీజాపూర్‌లో పుట్టారు. మ్యూజియం అనగానే గుర్తొచ్చేది ఈయన కాదు, ఈయన మనవడు మూడో సాలార్‌జంగ్. తురాబ్ అలీ ఖాన్ కుర్రతనంలోనే ఖమ్మంలో కొన్నాళ్లు తాలూక్దారుగా చేశారు. శిస్తు ఎలా వసూలవుతుందో, లెక్క ఎక్కడ మారిపోతుందో అక్కడే దగ్గరగా చూశారు. 1853లో దివాన్‌గా ఉన్న తండ్రి సోదరుడు సిరాజ్ ఉల్ ముల్క్ చనిపోవడంతో ఆ పదవి ఈయనకు వచ్చింది. అప్పటికి వయసు 24.

ఖజానా ఖాళీ. ఈస్టిండియా కంపెనీ సైన్యం బాకీల కింద అదే ఏడాది బేరార్ చేజారింది. శిస్తు వసూలు గుత్తకు ఇచ్చేశారు. అప్పులిచ్చిన సాహుకార్లు, అరబ్బు, రోహిల్లా సర్దార్ల చేతుల్లో తాలూకాలు తాకట్టులో ఉన్నాయి. ఏ ఊరి నుంచి ఎంత రావాలో, ఎంత వచ్చిందో సర్కారుకే తెలియదు. ఇప్పటి మాటల్లో చెప్పాలంటే డేటా మొత్తం కాంట్రాక్టర్ల ఇళ్లలో ఉంది.

పాతది కూల్చలేదు, పక్కన కట్టారు

రాజధానిలో లెక్కల దస్త్రాలు తరాలుగా కొన్ని కుటుంబాల చేతుల్లో ఉండేవి. కొత్త దివాన్ వాటిని ఒక్కరోజులో మూసేసి ఉంటే గొడవ అయ్యేది, లెక్కలూ పోయేవి. ఆయన ఆ పని చేయలేదు. పాత దఫ్తర్లను అలాగే ఉంచి, పక్కనే కొత్త కచేరీలు పెట్టి, పనిని మెల్లగా వాటికి మళ్లించారు. కొత్త సాఫ్ట్‌వేర్ కుదురుకునేదాకా పాతదాన్నీ నడిపే పద్ధతి ఐటీ కంపెనీల్లో ఇప్పటికీ ఉంది. దాన్నే ప్యారలల్ రన్ అంటున్నాం.

తాకట్టు తాలూకాలను ఒక్కొక్కటిగా విడిపించారు. గుత్తదార్ల స్థానంలో జీతం తీసుకునే తాలూక్దార్లను వేశారు. ఎంత దాస్తే అంత మిగిలే మనిషి సరైన లెక్క రాయడని ఆయనకు తెలుసు. రకరకాల నాణేలు చెలామణిలో ఉంటే కూడికలే కుదరవు కాబట్టి హాలీ సిక్కాను రాజ్యమంతటికీ ప్రామాణికం చేశారు. ఈ పనులన్నీ నడిచాకే 1865లో జిలాబందీ వచ్చింది. రాజ్యం జిల్లాలుగా, తాలూకాలుగా ఏర్పడింది. తహసీల్దారు నుంచి పైదాకా ఎవరు ఎవరికి లెక్క చెప్పాలో తేలింది. అంటే దివాన్ అయ్యాక ఆ బిట్‌కు చేరుకోవడానికి పన్నెండేళ్లు పట్టింది.

ఈలోగా పైనుంచి అండ కూడా అంతంతమాత్రమే. నిజాం అఫ్జలుద్దౌలాకు ఈయన మీద నమ్మకం తక్కువ, తీసేయాలని కూడా చూశారు. 1859లో ఒకసారి, 1868లో మరోసారి హత్యాయత్నం జరిగింది. అయినా పని ఆపలేదు. 1870ల్లో భూముల సర్వే, సెటిల్‌మెంట్ మొదలైంది. అది కూడా ముందు మరాట్వాడాలో, తెలంగాణకు తర్వాత. 1883 ఫిబ్రవరి 8న కలరాతో హైదరాబాద్‌లో కన్నుమూశారు.

ఊళ్లో మాత్రం మారలేదు

సర్కారు వైపు నుంచి చూస్తే ఇది గెలిచిన ప్రాజెక్టే. ఖజానా కోలుకుంది, పాలన కుదుటపడింది. మరి రైతు వైపు నుంచి?

అప్పట్లో ఇందూరు జిల్లా కింద ఉండి, 1905లో ఆదిలాబాద్‌లో కలిసిన మన నిర్మల్ తాలూకానే తీసుకోండి. పై కచేరీల భాష మొదట పారసీ, ఆ తర్వాత ఉర్దూ. రైతు మాట్లాడేది తెలుగు, గోండి. ఊళ్లో లెక్క రాసేది వంశపారంపర్యంగా వచ్చిన పట్వారీ. ఆయన ఏం రాశారో చదివి, తప్పని చెప్పగలిగే దారి రైతుకు లేదు. తనకు తెలియకుండానే తన భూమి ఇంకొకరి పేరున పట్టా అయిపోయిన ఉదంతాలు తెలంగాణ చరిత్రలో ఎన్నో. 1946-51 రైతాంగ పోరాటానికి ఉన్న కారణాల్లో ఇదీ ఒకటి. పటేల్ పట్వారీ వ్యవస్థ రద్దు కావడానికి 1984 దాకా ఆగాల్సి వచ్చింది.

2020 అక్టోబరులో ధరణి వచ్చింది. అదే ఏడాది వీఆర్వో వ్యవస్థ పోయింది. పహాణీ ఫోన్‌లోకి వచ్చింది కానీ పేరు తప్పు, విస్తీర్ణం తక్కువ అంటూ రైతులు దరఖాస్తులు పట్టుకుని తిరిగారు. పాత కాగితంలోని తప్పు కంప్యూటర్‌లోకి ఎక్కితే దానంతట అది సరికాదు. దిద్దేవాళ్లు ఊళ్లో ఉండాలి. 2025 ఏప్రిల్‌లో భూభారతి వచ్చింది, గ్రామస్థాయిలో మళ్లీ ఒక అధికారి ఉండాలన్న నిర్ణయమూ జరిగింది.

రేపు మీకు రెవెన్యూలో ఉద్యోగం రావచ్చు, లేదా ఆ శాఖకే సాఫ్ట్‌వేర్ రాసే కంపెనీలో రావచ్చు. ప్రాజెక్టులు ఎందుకు ఫెయిలవుతాయని ఇంటర్వ్యూలో అడిగితే టెక్నాలజీ, బడ్జెట్ అని అందరూ చెప్తారు. మీరు సాలార్‌జంగ్ కథ చెప్పండి. లెక్క రాసేవాళ్ల కుర్చీ పక్కన ఆయన ఖమ్మంలో కూర్చున్నారు, అందుకే పైన వ్యవస్థ నిలిచింది. కచేరీ బయట కాగితం పట్టుకుని నిలబడ్డ రైతు పక్కన కూర్చున్నవాళ్లు లేరు. ఉద్యోగం వచ్చాక, పని మొదలుపెట్టే ముందు ఒక్కరోజైనా తహసీల్ ఆఫీసు బయట, ఆ వరుసలో నిలబడి చూడండి.