లైబ్నిజ్ - రెండు లెక్కలు

జర్మనీ దేశమందలి లైప్‌జిగ్ నగరమున 1646వ సంవత్సరమున గొట్‌ఫ్రీడ్ విల్‌హెల్మ్ లైబ్నిజ్ జన్మించెను. ఆరేండ్ల ప్రాయముననే తండ్రి గతించెను. ఆయన విడిచిపోయిన గ్రంథములే బాలునకు గురువులయ్యెను. లాటిను భాషను చాలవరకు స్వయముగనే నేర్చుకొనెను. న్యాయశాస్త్ర పట్టమును స్వనగర విశ్వవిద్యాలయ మొసగకపోగా, 1667లో ఆల్ట్‌డార్ఫ్ విశ్వవిద్యాలయము నుండి పొందెను.

1672లో పారిస్ చేరి నాలుగేండ్లు గణితమున మునిగియుండెను. కూడుటయే గాక గుణించుటకును పనికివచ్చు యంత్రమును కల్పించి, 1673లో లండనులోని రాయల్ సొసైటీ పండితులకు చూపెను. 1676 నుండి హానోవర్ ప్రభువుల కొలువున నుండెను. కలన గణితమును గూర్చి న్యూటనుతో కలిగిన వివాదము లోకప్రసిద్ధమే, అది యటుండనిండు.

సున్న, ఒకటి అను రెండంకెలతోనే సమస్త సంఖ్యలను వ్రాయు విధమును ఆయన 1679లో లిఖించెను. ఈ లెక్కలో రెండును 10 అనియు, మూడును 11 అనియు, నాలుగును 100 అనియు వ్రాయుదురు. తెరచిన రంధ్రము ఒకటికిని, మూసినది సున్నకును గుర్తుగా, గోళీలు జారుచు లెక్కచేయు యంత్రమును సైతము ఊహించెను గాని నిర్మింపలేదు. 1703లో పారిస్ శాస్త్ర పరిషత్తునకు ఈ పద్ధతిని వివరించుచు, నిత్యవ్యవహారమున పదుల లెక్కను విడువవలదనియే తెలిపెను.

నేటి కంప్యూటరు నడచునది ఈ రెంటి లెక్కతోనే. మూడక్షరముల గురులఘు భేదములచే ఎనిమిది గణములు కలుగునని ఛందస్సులో మీరు చదివితిరి. అట్లే పది స్థానములకు 1024 భేదములు కలుగును. ఇది వేయికి చేరువ గనుక, వేయి యను అర్థముగల కిలో శబ్దమును కంప్యూటరువారు 1024కు వాడసాగిరి. చిక్కు ఇచ్చటనే పుట్టినది. డిస్క్ డ్రైవును నిర్మించువారు పదుల లెక్కనే పాటింతురు. వారికి గిగాబైటనగా నూరుకోట్ల బైట్లు. రెంటి లెక్కలో అదే 107 కోట్ల 37 లక్షల 41 వేల 824. కావున ఒక టెరాబైటు, అనగా లక్షకోట్ల బైట్లు గల డ్రైవును కొని తగిలించినచో, కొన్ని కంప్యూటర్లు దానిని 931 గిగాబైట్లని చూపును. కొన్నవాడు మోసపోతినని వగచును. అంగడివాడు మోసగింపలేదు, ఒక్క బైటును తగ్గలేదు. కొలత పేరొకటే, కొలమానములు రెండు. ఈ తికమక తీర్చుటకై 1998లో అంతర్జాతీయ విద్యుత్ సాంకేతిక సంఘము రెంటి లెక్కకు కిబిబైటు, గిబిబైటు అను వేరు పేర్లు పెట్టెను. అంగళ్లలో అవి యరుదుగ వినబడును.

లైబ్నిజ్ 1716లో హానోవరున మరణించెను. ఆయన కొలిచిన ప్రభువు అప్పటికి ఇంగ్లండు రాజై యుండెను. అంత్యక్రియలకు ఆస్థానపు పెద్దలెవ్వరును రాలేదు. ఆయన గుణకార యంత్రము ఒకటి నేటికిని హానోవర్ గ్రంథాలయమున నున్నది. దాని చక్రములు తిరుగునది పదుల లెక్కకే.