మరుగుజ్జుల కానుకలు: జాకబ్ గ్రిమ్

జర్మనీ దేశమునందలి హనావు పట్టణమున 1785 జనవరి 4వ తేదీన జాకబ్ గ్రిమ్ జన్మించెను. అతని బాల్యముననే తండ్రి గతించెను. కాసెల్ రాజాస్థానమున కొలువుండిన తల్లి తోబుట్టువు అతనికిని, తమ్ముడు విల్హెల్మునకును చదువు చెప్పించెను. మార్‌బుర్గ్ విశ్వవిద్యాలయమున సావిన్యీ అను న్యాయశాస్త్రాచార్యుడు తన గ్రంథాలయమును జాకబునకు తెఱచి యిచ్చెను. ఇట్లు పరుల ఔదార్యముచే పెరిగిన విద్యార్థి, జనుల నోట నిలిచిన గాథలను సేకరించి తిరిగి జాతికే అర్పింప బూనెను.

సోదరులు కూర్చిన కథల తొలి సంపుటము 1812లోను, రెండవది 1815లోను వెలువడెను. అందొక కథలో, ఒక్క జతకు సరిపడు తోలు మాత్రమే మిగిలిన చెప్పులు కుట్టువాని యింటికి రాత్రివేళ దిగంబరులగు మరుగుజ్జులిద్దరు వచ్చి పని ముగించి పోవుదురు. అతడు క్రమముగా ధనికుడగును. ఆ దంపతులు కృతజ్ఞతతో చిన్న చిన్న దుస్తులు కుట్టి యుంచగా, వారు వానిని తొడిగికొని ఆడుచు పాడుచు వెడలిపోయి మరల రారు. ప్రత్యుపకారముతో వారి సేవ ముగియును. ఆ యింటి భాగ్యము మాత్రము తఱుగదు.

తరువాతి ముద్రణమున చేరిన మఱియొక కథలో, మరుగుజ్జులు చూపిన బొగ్గులను ఒక దర్జీయు, గూనివాడగు ఒక కంసాలియు జేబులలో నింపుకొందురు. తెల్లవారుసరికి అవి బంగారమగును. దర్జీ తృప్తి పడును. కంసాలి మఱునాడు సంచులతో పోయి బొగ్గులే తెచ్చుకొనును. మునుపటి బంగారమును బొగ్గగును, ఱొమ్మున రెండవ గూనియు మొలచును. దర్జీ అతనిని ఓదార్చి తన సొమ్ములో పాలు పెట్టును. కృతజ్ఞతకు పెరుగుటయు, దురాశకు హరించుటయు ఈ కానుకల స్వభావము.

1835లో ప్రకటించిన జర్మనుల పురాణగాథల గ్రంథమున జాకబ్ ఇట్టి విశ్వాసములను విపులముగా పరిశీలించెను. మరుగుజ్జులు మనుష్యులతో ఎరువు పుచ్చుకొనుటయు, ఎరువిచ్చుటయు, మానవుల ద్రోహమునకు నొచ్చి ఊరు విడుచుటయు అందు వర్ణితములు.

1837లో హానోవర్ రాజు రాజ్యాంగమును రద్దు చేయగా, గోటింగెన్ ఆచార్యులేడుగురు నిరసించిరి. వారిలో గ్రిమ్ సోదరులును గలరు. జాకబ్ ఉద్యోగము పోయెను. మూడు దినములలో దేశము విడువవలసి వచ్చెను. అప్పుడు దేశాభిమానులు చందాలు వేసికొని ఆ ఆచార్యులను ఆదుకొనిరి. జాతి తన ఋణమును కొంత తీర్చుకొనెను.

జాకబ్ బెర్లిన్ చేరి, తమ్మునితో కలిసి జర్మన్ మహానిఘంటువును రచించుచు 1863 సెప్టెంబరు 20వ తేదీన మరణించెను. అప్పటికి ఆ రచన, ఫలము అను అర్థముగల పదము వఱకే సాగెను. తరువాతి పండితులు తరతరములుగా శ్రమించి దానిని 1961లో ముగించిరి. పూర్వులనుండి పొందిన విద్యకు ప్రత్యర్పణ మిట్టిది.