వీరనారి చాకలి ఐలమ్మ: నాలుగెకరాల పంట నుంచి విశ్వవిద్యాలయం వరకు

హైదరాబాద్, సెప్టెంబరు 26: తెలంగాణ రైతాంగ పోరాటంలో భూమి కోసం, భుక్తి కోసం, వెట్టి విముక్తి కోసం నిలిచిన ధీరవనితలలో చిట్యాల ఐలమ్మ అగ్రగణ్యురాలు. చాకలి ఐలమ్మగా ప్రజల నాలుకలపై నిలిచిన ఆమె 1895 సెప్టెంబరు 26న వరంగల్ ప్రాంతంలోని కృష్ణాపురం గ్రామంలో రజక కుటుంబంలో జన్మించారు. పాలకుర్తికి చెందిన చిట్యాల నరసింహతో ఆమెకు వివాహమైంది.

నిజాం పాలనలో పాలకుర్తి నల్లగొండ జిల్లా జనగామ తాలూకాలో ఉండేది. ఆ ప్రాంతం విసునూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డి గుప్పిట్లో ఉండేది. కులవృత్తుల వారు దొరల గడీలలో కూలి లేకుండా చాకిరీ చేయవలసి వచ్చేది. ఐలమ్మ మల్లంపల్లి భూస్వామి వద్ద భూమిని కౌలుకు తీసుకొని, నాలుగెకరాలను సాగులోకి తెచ్చారు. ఆంధ్ర మహాసభలో చేరి, సంఘం కార్యకర్తలకు తన ఇంట ఆశ్రయమిచ్చారు. వెట్టికి నిరాకరించారు.

రజక మహిళ సొంతంగా సేద్యం చేయడం దేశ్‌ముఖ్‌కు కంటగింపైంది. కుటుంబంపై కేసులు బనాయించినా, కోర్టులో తీర్పు ఐలమ్మకే అనుకూలంగా వెలువడింది. అనంతరం పంటను కోసుకుపోవడానికి దేశ్‌ముఖ్ మనుషులను పంపగా, సంఘం కార్యకర్తలు వారిని తరిమివేసి ధాన్యాన్ని ఐలమ్మ ఇంటికి చేర్చారు. ప్రతీకారంగా ఆమె ఇంటిని తగులబెట్టినా ఆమె భూమిని వదలలేదు. ఈ విజయం చుట్టుపక్కల గ్రామాల పేద రైతులకు ధైర్యాన్నిచ్చింది. 1946లో రైతాంగం సాయుధ పోరాటానికి సిద్ధమైంది. 1949లో జాగీర్దారీ విధానం రద్దయింది. 1950 నాటి హైదరాబాద్ కౌలుదారీ చట్టం రక్షిత కౌలుదారులకు హక్కులు కల్పించింది. ఐలమ్మ 1985 సెప్టెంబరు 10న పాలకుర్తిలో కన్నుమూశారు.

రజక కుటుంబాల బాలికలకు చదువు అందని ద్రాక్షగా ఉన్న ఆ కాలంలోనే, 1924లో హైదరాబాద్‌లో ఉస్మానియా విశ్వవిద్యాలయ మహిళా కళాశాల ప్రారంభమైంది. 1949లో అది కోఠిలోని పూర్వపు బ్రిటిష్ రెసిడెన్సీ భవనానికి తరలింది. 2022లో తెలంగాణ మహిళా విశ్వవిద్యాలయంగా రూపుదిద్దుకుంది. కళాశాల స్థాపించి నూరేళ్లు నిండిన 2024లో, ఐలమ్మ వర్ధంతి నాడు, ఆ విశ్వవిద్యాలయానికి ఆమె పేరు పెడుతున్నట్లు ముఖ్యమంత్రి ఎ. రేవంత్ రెడ్డి ప్రకటించారు. నిజాం కాలంలో బ్రిటిష్ రెసిడెంట్లు కొలువుతీరిన ప్రాంగణం, అదే నిజాం రాజ్యంలో దొరతనాన్ని ధిక్కరించిన కౌలు రైతు పేరును ఆ విధంగా సంతరించుకుంది.